మొబైల్ డేటా: లెక్క జీబీల్లో, భారం రద్దీ గంటలో

క్లుప్తంగా: వినియోగదారుడి దగ్గర డబ్బు తీసుకునేది వాడిన జీబీలను బట్టి. నెట్‌వర్క్‌కు ఖర్చు పెరిగేది మాత్రం రద్దీ గంటలో, ఫలానా సెల్‌లో (టవర్ యాంటెన్నా ఒకటి కప్పే ప్రాంతంలో) రేడియో సమయం చాలనప్పుడు. ఈ రెండు లెక్కలూ అరుదుగా తప్ప కలవవు. రోజువారీ పరిమితులు, వేగం కోతలు, అన్‌లిమిటెడ్ ప్యాకుల కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతులు, అన్నీ ఈ తేడాను పూడ్చడానికి చేసిన సర్దుబాట్లే. తెల్లవారుజామున మూడింటికి డౌన్‌లోడ్ చేసిన పది జీబీలు నెట్‌వర్క్‌కు దాదాపు బరువే కాదు. రాత్రి తొమ్మిదింటికి సెల్ అంచున కూర్చుని చూసిన అరగంట వీడియో మాత్రం గట్టి బరువే.

ఒక సెక్టార్ ఎంత మోయగలదు

టవర్ మీద సాధారణంగా మూడు దిక్కులకు మూడు సెక్టార్లు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 120 డిగ్రీల మేర కవరేజీ ఇస్తుంది. ఆ పరిధిలోని ఫోన్లన్నీ ఒకే రేడియో సామర్థ్యాన్ని పంచుకోవాలి. 4జీలో 20 మెగాహెర్ట్జ్ క్యారియర్‌ను (ఆపరేటర్ వాడే ఫ్రీక్వెన్సీ పట్టీని) 100 రిసోర్స్ బ్లాకులుగా విడగొడతారు. ఒక్కో బ్లాకు వెడల్పు 180 కిలోహెర్ట్జ్. బేస్ స్టేషన్‌లోని (టవర్ దగ్గరి రేడియో పరికరంలోని) షెడ్యూలర్ ప్రతి మిల్లీసెకనుకూ ఒకసారి ఈ వంద బ్లాకుల్లో ఏవి ఏ ఫోన్‌కు ఇవ్వాలో తేలుస్తుంది. అంటే ఆపరేటర్ చేతిలో ఉన్న అసలు సరుకు ఇదే: సెకనుకు లక్ష బ్లాకులు. ఎవరూ వాడని బ్లాకు ఆ మిల్లీసెకనుతోనే పోతుంది. దాన్ని నిల్వ చేసి సాయంత్రం అమ్ముకునే దారి లేదు.

ఇదే క్యారియర్‌కు రెండు యాంటెన్నాల పద్ధతిలో గరిష్ఠ వేగం 150 ఎంబీపీఎస్ అని చెబుతారు. టవర్‌కు దగ్గరగా ఒక్క ఫోనే ఉండి, చుట్టుపక్కల సెల్స్ ఖాళీగా ఉంటే ఆ అంకె కనిపిస్తుంది. అందరినీ కలిపి చూస్తే సెక్టార్ సగటు హెర్ట్జ్‌కు సెకనుకు 1.5 నుంచి 2 బిట్ల దగ్గర ఆగుతుంది. అంటే 30 నుంచి 40 ఎంబీపీఎస్. మధ్యలో 35 అనుకుని లెక్క వేస్తే గంటకు 15.75 జీబీ వస్తుంది. అందులోనూ పూర్తి నిండుగా నడపలేరు. బ్లాకుల వాడకం 70 శాతం దాటితే వేగం పడిపోవడం మొదలవుతుంది కాబట్టి ప్లానింగ్ విభాగం ఆ గీత దగ్గరే అప్రమత్తమవుతుంది. మిగిలేది గంటకు 11 జీబీ.

రోజు మొత్తం వాడకంలో 7 శాతం ఒక్క రద్దీ గంటలోనే జరుగుతుందని అనుకుందాం. రోజుకు ఒక జీబీ వాడే వ్యక్తి ఆ గంటలో 70 ఎంబీ లాగుతాడు. 11 జీబీని 70 ఎంబీలతో భాగిస్తే 157 మంది. ఒక 4జీ క్యారియర్ ఉన్న సెక్టార్ హాయిగా మోయగలిగేది అంతమందినే. అందుకే పెద్ద ఆపరేటర్లు ఒకే సెక్టార్ మీద మూడు నాలుగు క్యారియర్లు పేరుస్తారు. 5జీ మధ్యస్థ బ్యాండ్‌లో 100 మెగాహెర్ట్జ్ దొరికితే వెడల్పే ఐదు రెట్లు. మాసివ్ మైమో యాంటెన్నాలు ఒకే బ్లాకును వేర్వేరు దిశల్లోని ఫోన్లకు ఏకకాలంలో ఇవ్వగలవు కాబట్టి లాభం ఇంకా పైకి పోతుంది. అయితే మనుషులూ, వాడకమూ ఆగి ఉండవు.

అదే జీబీ, పదహారు రెట్ల తేడా

రేడియోలో బిట్ల ధర దూరాన్ని బట్టి మారుతుంది. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో చూపించిన సూత్రం ప్రకారం ఒక చానెల్ మోయగల సమాచారం రెండింటి మీద ఆధారపడుతుంది: చానెల్ వెడల్పు, సిగ్నల్‌కూ రొదకూ ఉన్న నిష్పత్తి. వెడల్పు రెట్టింపైతే సామర్థ్యం రెట్టింపవుతుంది. సిగ్నల్ బలం రెట్టింపైతే మాత్రం కొద్దిగానే పెరుగుతుంది.

టవర్ దగ్గరున్న ఫోన్‌కు 256 క్వామ్ మాడ్యులేషన్‌లో (బిట్లను రేడియో తరంగం మీద ఎక్కించే పద్ధతి ఇది) ఒక్కో సింబల్ మీద, అంటే తరంగంలో ఒక్కో మార్పు మీద, 8 బిట్లు పంపవచ్చు. అంచున ఉన్న ఫోన్‌కు క్యూపీఎస్‌కే వాడాలి, అంటే 2 బిట్లే. దాని మీద తప్పులు దిద్దే అదనపు బిట్లు కూడా ఎక్కువ కావాలి. దగ్గరి ఫోన్‌కు హెర్ట్జ్‌కు 5 బిట్లు, అంచు ఫోన్‌కు 0.3 బిట్లు అందుతున్నాయని తీసుకుంటే, సెకనుకు 3 మెగాబిట్ల వీడియో దగ్గరి ఫోన్‌కు 20 మెగాహెర్ట్జ్‌లో 3 శాతం ఖర్చు. అదే వీడియో అంచు ఫోన్‌కు 50 శాతం ఖర్చు. మందపాటి గోడల వెనుక, లిఫ్ట్ పక్కన, సెల్లార్‌లో ఇద్దరు వీడియో పెట్టుకుంటే ఆ సెక్టార్‌లో మిగతావారందరికీ నెట్ ఈడుస్తుంది. మీటర్ మీద మాత్రం అందరివీ ఒకే రకం జీబీలు.

సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ ఎందుకు నడవదు

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. ఫోన్ మీది గీతలు ప్రధానంగా చెప్పేది టవర్ పంపే రిఫరెన్స్ సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందన్నది. ఆ టవర్ మీద ఎంతమంది ఉన్నారో, పక్క టవర్ ఎంత రొద చేస్తోందో గీతలకు పట్టదు. విడదీసి చూడటానికి ఒక పద్ధతి ఉంది. ఒకే చోట, ఒకే ఫోన్‌తో, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వేగం కొలవాలి. ఫోన్‌లోని నెట్‌వర్క్ వివరాల పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (అందే రిఫరెన్స్ సిగ్నల్ బలం), సినర్ (జోక్యం, రొదలతో పోలిస్తే సిగ్నల్ ఎంత అన్నది) అనే రెండు అంకెలు కూడా రాసుకోవాలి.

తెల్లవారుజామున వేగం బాగుండి రాత్రి పడిపోతే అది రద్దీ. రెండు వేళల్లోనూ నెమ్మదిగా ఉండి, ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 110 డీబీఎం కంటే కిందికి పోతే అది కవరేజీ సమస్య. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 80 దగ్గర బలంగా ఉండి, సినర్ 5 డీబీ కంటే తక్కువుంటే పక్క సెల్స్ నుంచి జోక్యం ఎక్కువని అర్థం. రెండు టవర్లకు సమదూరంలో ఉన్న ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. ఏ వేళ కొలిచినా 64, 128, 512 కేబీపీఎస్ లాంటి గుండ్రటి అంకె దగ్గరే ఇరుక్కుంటే అది టవర్ తప్పు కాదు, ప్యాక్ షరతు. స్పీడ్ టెస్ట్ ఘనంగా ఉండి వీడియో ఒక్కటే మసకగా ఉంటే వీడియో మీద విడిగా పరిమితి పెట్టారని అనుమానించవచ్చు.

ధరల విధానం ఎటెటు ఊగింది

నెలకు ఒకే మొత్తం కట్టి ఎంతైనా వాడుకోవడం అనేది వినియోగదారుడికి ఎప్పుడూ ఇష్టమే. కమ్యూనికేషన్ ధరల చరిత్ర రాసిన ఆండ్రూ ఒడ్లిజ్కో పదేపదే చూపిన విషయం ఇది: తాము వాడేదానికి కాస్త ఎక్కువే కడుతున్నామని తెలిసినా జనం మీటర్ కంటే స్థిర ధరనే ఎంచుకుంటారు. దాని ఫలితం 1996 డిసెంబరులోనే కనిపించింది. అమెరికాలో ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ గంటల లెక్క ఎత్తేసి నెలకు 19.95 డాలర్ల స్థిర ధర పెట్టగానే డయలప్ లైన్లు కిక్కిరిసి, చందాదారులకు వారాల తరబడి ఎంగేజ్ టోన్ వినిపించింది.

మొబైల్‌లో అదే కథ ఐఫోన్‌తో మొదలైంది. 2007లో అన్‌లిమిటెడ్ డేటాతో దాన్ని అమ్మిన అమెరికా ఆపరేటర్ ఏటీ అండ్ టీ, స్మార్ట్‌ఫోన్ వాడేవారిలో 3 శాతం మందే 40 శాతం ట్రాఫిక్ తెస్తున్నారని 2009 చివర్లో చెప్పింది. 2010 జూన్‌లో కొత్త చందాదారులకు అన్‌లిమిటెడ్ ఆపేసి, 200 ఎంబీకి 15 డాలర్లు, 2 జీబీకి 25 డాలర్లు అని పెట్టింది. అప్పటి లెక్క ప్రకారం 98 శాతం మంది నెలకు 2 జీబీ లోపే వాడేవారు. పోటీ ఆపరేటర్ వెరిజాన్ 2011లో అదే బాట పట్టింది.

ఆ 3 శాతం, 40 శాతం వాదనలో ఒక లొసుగు ఉంది. నెల మొత్తం ఎక్కువ వాడినవాడు రద్దీకి కారణమయ్యాడని దానంతట అది నిరూపించదు. రాత్రంతా ఖాళీ సెల్ మీద డౌన్‌లోడ్ చేసేవాడి వల్ల ఆపరేటర్ ఒక్క కొత్త యాంటెన్నా కూడా పెట్టాల్సిన పని లేదు. నెల పరిమితి అతన్నే ముందుగా పట్టుకుంటుంది. రోజూ సాయంత్రం ఒకే రైల్వే స్టేషన్‌లో అరగంట వీడియో చూసే వేలమందిని వదిలేస్తుంది.

2016, 2017 నాటికి అమెరికాలోని పెద్ద ఆపరేటర్లంతా అన్‌లిమిటెడ్‌కు తిరిగొచ్చారు. 4జీ సామర్థ్యం పెరగడం ఒక కారణం. రెండోది, జీబీల తలుపు మూయకుండానే రద్దీని అదుపు చేసే పనిముట్లు చేతికి రావడం.

వేగం కోత వేరు, వరుసలో వెనక్కి నెట్టడం వేరు

ఈ రెంటినీ ప్రకటనలు ఒకే గాటన కట్టేస్తాయి. వేగం కోతలో గేట్‌వే (ఆపరేటర్ నెట్‌వర్క్ ఇంటర్నెట్‌తో కలిసే ద్వారం) దగ్గరే ఒక పైపరిమితి పెడతారు. సెల్ ఖాళీగా ఉన్నా అంతే. 64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 2 ఎంబీ ఉన్న ఒక మామూలు వెబ్ పేజీ తెరుచుకోవడానికి 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పైన. ఆలోగా చాలా యాప్‌లు విసుగెత్తి కనెక్షన్ తెంపేసుకుని మళ్లీ మొదటి నుంచి అడుగుతాయి. దాంతో దొరికిన కాస్త వేగమూ సగంలో ఆగిన పనుల మీదే ఖర్చయిపోతుంది. టెక్స్ట్ మెసేజ్‌లు వెళ్తాయి, చెల్లింపు యాప్‌లు మధ్యలో చతికిలబడతాయి. ‘పరిమితి తర్వాత కూడా అన్‌లిమిటెడ్’ అనే మాటకు ఆచరణలో అర్థం ఇంతే.

వరుసలో వెనక్కి నెట్టడంలో పైపరిమితి ఉండదు. ప్రతి కనెక్షన్‌కూ సేవా తరగతి సంఖ్య ఒకటి ఉంటుంది. 4జీలో దాన్ని క్యూసీఐ అంటారు, 5జీలో 5క్యూఐ. నెలలో కొంత గీత దాటినవారిని, లేదా చవక ప్యాకువారిని కింది తరగతిలో పెడతారు. బ్లాకులు పంచేటప్పుడు షెడ్యూలర్ పై తరగతికి మొగ్గు చూపుతుంది. సెల్ ఖాళీగా ఉంటే ఇద్దరికీ తేడా తెలియదు. నిండితే మాత్రం కింది తరగతి ఫోన్ నిలబడిపోతుంది. ఖర్చు ఎక్కడ పుడుతుందో అక్కడే కోత పెడుతుంది కాబట్టి సాంకేతికంగా ఇది వేగం కోత కంటే న్యాయమైనదే. చిక్కల్లా పారదర్శకతతో: వినియోగదారుడు తాను ఏ తరగతిలో ఉన్నాడో చాలాచోట్ల ఎక్కడా రాసి ఉండదు.

ముందుగా చెప్పకుండా చేసిన కోతకు మూల్యం కూడా పడింది. పాత అన్‌లిమిటెడ్ చందాదారుల వేగం తగ్గించిన తీరు మోసపూరితమంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో ఏటీ అండ్ టీ మీద దావా వేసింది. 2019లో 6 కోట్ల డాలర్లతో అది పరిష్కారమైంది.

మూడో పనిముట్టు వీడియో. మొబైల్ ట్రాఫిక్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు అదే. వీడియో ప్లేయర్లు దొరికిన వేగాన్ని బట్టి నాణ్యతను తామే పెంచుకుంటాయి. నెట్‌వర్క్ బాగుపడితే అదే సినిమా ఎక్కువ జీబీలు తింటుంది. 480పీ దగ్గర 1.5 ఎంబీపీఎస్‌కు ఆపితే గంటకు 675 ఎంబీ. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా పోతుంది. చిన్న తెర మీద ఈ తేడా కంటికి పెద్దగా ఆనదు. 2020 మార్చిలో కొవిడ్ లాక్‌డౌన్ల వేళ యూరప్‌లో నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ నాణ్యత తగ్గించి నెట్‌వర్క్‌లకు ఊపిరి ఇచ్చింది ఈ మీట నొక్కే.

ఫలానా యాప్ ఉచితం అనే ప్యాకుల సంగతి కొంత వేరు. అవి రద్దీని తగ్గించవు, వాడకం ఏ యాప్ వైపు పోవాలో మాత్రం నిర్ణయిస్తాయి. భారత్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలోనే ఇలాంటి వివక్షాపూరిత ధరలను నిషేధించింది. ఐరోపా న్యాయస్థానం 2021 సెప్టెంబరులో ఈ తరహా ప్యాకులకు వ్యతిరేకంగా తీర్పులిచ్చింది.

మీటర్ ఎలా తిరుగుతుంది

ఫోన్ చూపించే వాడకానికీ, ఆపరేటర్ చూపించే వాడకానికీ తేడా రావడానికి కారణాలు మామూలువే. ప్యాకెట్లను (డేటా ముక్కలను) ఆపరేటర్ లెక్కపెట్టేది కోర్ నెట్‌వర్క్‌లోని గేట్‌వే దగ్గర. అక్కడి నుంచి బయల్దేరి రేడియోలో పోయిన ప్యాకెట్ ఆపరేటర్ లెక్కలో ఉంటుంది, ఫోన్ లెక్కలో ఉండదు. పోయినదాన్ని సర్వర్ మళ్లీ పంపితే అదీ మీటర్ ఎక్కుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఈ తేడా పెరుగుతుంది. ఇంకా, జీబీ అంటే వంద కోట్ల బైట్లని ఒకరు, 107 కోట్ల పైచిలుకని ఇంకొకరు లెక్కిస్తే అక్కడే 7 శాతం తేడా.

ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ మొత్తాన్ని గేట్‌వేకు ఒకేసారి ఇవ్వరు. ఛార్జింగ్ సిస్టమ్ కొన్ని ఎంబీల వాటాను కేటాయిస్తుంది, అది అయిపోవస్తుంటే గేట్‌వే ఇంకో వాటా అడుగుతుంది. యాప్‌లో కనిపించే బ్యాలెన్స్ కాసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా పడిపోయేది అందుకే. వాటా చిన్నదైతే ఛార్జింగ్ సిస్టమ్ మీద ప్రశ్నల వర్షం కురుస్తుంది, పెద్దదైతే లెక్క ఆలస్యమవుతుంది.

హాట్‌స్పాట్‌ను పసిగట్టే పద్ధతుల్లో ఒకటి మరీ సులువు. ఫోన్ స్వయంగా పంపే ప్యాకెట్లలో టీటీఎల్ అనే విలువ (దారిలో ఒక్కో పరికరం దాటినప్పుడల్లా ఒకటి తగ్గే అంకె) సాధారణంగా 64. ల్యాప్‌టాప్ నుంచి ఫోన్ గుండా వచ్చిన ప్యాకెట్‌లో అది ఒకటి తగ్గుతుంది, 64తో బయల్దేరితే 63 అవుతుంది. గేట్‌వేకు ఆ ఆధారం చాలు.

రద్దీ వేళకు వేరే ధర ఎందుకు నిలబడలేదు

విద్యుత్ రంగంలో వేళను బట్టి ధర ఉంది కదా, డేటాకు ఎందుకు లేదన్న ప్రశ్న సహజం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ బృందం ట్యూబ్ అనే వ్యవస్థను తయారుచేసి, నిజమైన వినియోగదారులతో పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించింది. రాబోయే గంటల ధరలు ఫోన్ తెర మీద చూపిస్తే కొంత వాడకం పక్కకు జరుగుతుందని తేలింది. అయినా ఆపరేటర్లు రాత్రి వేళ ఉచిత డేటాను మించి ముందుకు పోలేదు.

అడ్డంకి సాంకేతికమైనది మాత్రమే కాదు. గడియారం ఒకటే అయినా రద్దీ ఒకటి కాదు: ఆఫీసుల వీధిలో మధ్యాహ్నం, ఇళ్ల కాలనీలో రాత్రి, స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు. సరైన ధర కావాలంటే సెల్ సెల్‌కూ, నిమిషనిమిషానికీ మారాలి. అలాంటి బిల్లును ఎవరూ ముందుగా ఊహించలేరు, వచ్చాక సరిచూడలేరు. పైగా, వాయిదా వేయడానికి వీలున్నవి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, బ్యాకప్‌లు, ఫొటోల సింక్ లాంటివే. అవి ఎలాగూ వైఫై కోసం ఆగుతున్నాయి. మిగిలింది వీడియో, కాల్స్, మెసేజ్‌లు. వాటిని రాత్రి రెండింటికి వాయిదా వేసేవారు అరుదు. రాయితీ మొదలయ్యే నిమిషంలోనే అన్ని డౌన్‌లోడ్‌లూ ఒక్కసారి మీద పడి కొత్త రద్దీ పుట్టే ప్రమాదం ఇంకొకటి.

సామర్థ్యం పెంచే మెట్లు

నిండిన సెల్‌కు ఆపరేటర్ చేసే చికిత్సకు ఒక వరుస ఉంది. ముందు ఖర్చు లేనివి: యాంటెన్నా వంపు సరిచేయడం, ఫోన్లను ఖాళీగా ఉన్న క్యారియర్‌కు, పక్క సెల్‌కు తరలించడం. తర్వాత కొత్త క్యారియర్. దానికి స్పెక్ట్రమ్ ఉండాలి, రేడియో పరికరం ఉండాలి, ఆ బ్యాండ్ పట్టే ఫోన్లు జనం చేతుల్లో ఉండాలి. చివరిది లేకపోతే కొత్త క్యారియర్ ఖాళీగా, పాతది కిక్కిరిసి నడుస్తాయి. 2జీ, 3జీ మూసి ఆ బ్యాండ్లను 4జీ, 5జీలకు మళ్లించడం ఈ మెట్టులోదే. ఆ తర్వాత ఎక్కువ యాంటెన్నాలు, సెక్టార్లను చీల్చడం. అన్నిటికంటే ఖరీదైనది కొత్త సైట్.

తరచూ బెడిసికొట్టేది బ్యాక్‌హాల్, అంటే టవర్‌ను ఆపరేటర్ కోర్ నెట్‌వర్క్‌కు కలిపే లింకు. టవర్ మీద కొత్త 5జీ రేడియో పెట్టి, వెనుక పాత మైక్రోవేవ్ లింకునే ఉంచితే ఫోన్ మీద 5జీ గుర్తు వస్తుంది, వేగం రాదు. ఫైబర్ తవ్వకానికి అనుమతులు నెలలు పట్టేచోట ఇది కొత్తేమీ కాదు. కొత్త సైట్ మరీ దగ్గరగా పెట్టి, పాతదాని వంపు, పవర్ మార్చకపోతే రెండూ ఒకదానికొకటి రొద అవుతాయి.

అయినా దీర్ఘకాలంలో ఫలితమిచ్చింది సైట్ల సాంద్రతే. తొలి చేతి మొబైల్ ఫోన్ రూపకర్త మార్టిన్ కూపర్ అంచనా ప్రకారం కొన్ని దశాబ్దాల్లో వైర్‌లెస్ సామర్థ్యం పది లక్షల రెట్లు పెరిగింది. ఒకదానితో ఒకటి గుణించుకునే ఆ లాభాల్లో స్పెక్ట్రమ్, మాడ్యులేషన్ లాంటివి ఒక్కొక్కటీ తెచ్చింది కొన్ని పదుల రెట్ల లోపే. వెయ్యి రెట్లకు పైగా వచ్చింది సెల్స్‌ను చిన్నవి చేసి, అదే ఫ్రీక్వెన్సీని మళ్లీ మళ్లీ వాడటం వల్ల. స్పెక్ట్రమ్ చాలదనే వాదన వినిపించినప్పుడు ఈ అంకెలు గుర్తుంచుకోవడం మంచిది. నిజానికి చాలనిది తరచూ కొత్త సైట్లకు పెట్టే డబ్బు.

వేలం ఖర్చు బిల్లు మీద పడుతుందా

2000లో 3జీ వేలంలో బ్రిటన్‌కు 2,250 కోట్ల పౌండ్లు, జర్మనీకి సుమారు 5,000 కోట్ల యూరోలు వచ్చాయి. 2021లో అమెరికా సీ బ్యాండ్ వేలం 8,100 కోట్ల డాలర్లు దాటింది. ఒకసారి కట్టేసిన సొమ్ము మునిగిన ఖర్చే (ఇక తిరిగి రానిది), రేపటి ధరను పోటీ నిర్ణయిస్తుంది తప్ప నిన్నటి వేలం కాదు అని ఆర్థికశాస్త్రం అంటుంది. పోటీ గట్టిగా ఉన్నచోట అది నిజమే. కానీ అప్పు చేసి కట్టిన ఆపరేటర్ టవర్ల మీద పెట్టుబడి వాయిదా వేస్తాడు, కొందరు పోటీదారులు రంగం వదిలిపోతారు, మిగిలినవారికి ధర పెంచే వీలు చిక్కుతుంది. భారం బిల్లు మీదికి వచ్చేది ఈ చుట్టుదారిలో.

గిరాకీ ఎటు పోతోంది

2010లో నెట్‌వర్క్ పరికరాల సంస్థ సిస్కో వేసిన అంచనా ప్రకారం 2009 నుంచి 2014 వరకు ప్రపంచ మొబైల్ ట్రాఫిక్ 39 రెట్లు పెరగాలి, అంటే ఏటా రెట్టింపు కంటే ఎక్కువ. ఇప్పుడు ఆ ఊపు లేదు. టెలికాం పరికరాల సంస్థ ఎరిక్సన్ నివేదికల్లో ఏడాది వృద్ధి 20 శాతం అటూఇటూకు దిగివచ్చింది. మనిషి రోజులో చూడగల వీడియోకు హద్దు ఉంది, ఫోన్ తెరకు అవసరమైన స్పష్టతకూ హద్దు ఉంది. ఇది ఆపరేటర్లకు ఊరట, ‘డేటా సునామీ’ పేరుతో స్పెక్ట్రమ్ అడిగేవారికి ఇబ్బంది.

కొత్త భారం ఇళ్ల నుంచి వస్తోంది. 5జీ ద్వారా ఇచ్చే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద టీవీలు నడుస్తాయి కాబట్టి ఒక్కో కుటుంబం నెలకు కొన్ని వందల జీబీలు వాడుతుంది, ఫోన్ చందాదారుడి కంటే ఎన్నో రెట్లు. అదీ సరిగ్గా రాత్రి రద్దీ గంటలోనే. అందుకే జాగ్రత్తపడే ఆపరేటర్లు దీన్ని చిరునామా చూసి అమ్ముతారు. ఆ ఇంటిని కప్పే సెక్టార్‌లో ఖాళీ ఉంటేనే కనెక్షన్, లేకపోతే అదే వీధిలో పక్క ఇంటికి ఉన్నా దొరకదు. జీబీల మీటర్ కాకుండా సెల్ సామర్థ్యమే అమ్మకాన్ని నిర్ణయించే అరుదైన సందర్భం ఇది. కనెక్షన్ తీసుకునేవారు అడగాల్సింది గరిష్ఠ వేగం కాదు, రాత్రి తొమ్మిది గంటల వేగం, రూటర్‌ను ఏ కిటికీ దగ్గర పెట్టాలన్నది.

ఇంకొక ఇరుకు అప్‌లోడ్‌లో మొదలవుతోంది. వీడియో కాల్స్, లైవ్ ప్రసారాలు, కెమెరా చూసేదాన్ని ఎప్పటికప్పుడు సర్వర్‌కు పంపే ఏఐ యాప్‌లు ఫోన్ నుంచి టవర్ వైపు భారం పెంచుతాయి. 5జీ మధ్యస్థ బ్యాండ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీని సమయం చొప్పున రెండు దిశలకూ పంచుతారు, సాధారణంగా నాలుగింట మూడు వంతులు డౌన్‌లోడ్‌కే. పక్కపక్క సెల్స్, ఆనుకుని ఉన్న ఫ్రీక్వెన్సీల్లోని ఇతర ఆపరేటర్లు కూడా అదే నిష్పత్తిలో, అదే లయలో నడవాలి. లేకపోతే ఒక టవర్ పంపే బలమైన సిగ్నల్ పక్క టవర్ వినాల్సిన ఫోన్ల గొంతును ముంచేస్తుంది. అప్‌లోడ్ రద్దీ ఒక్క స్టేడియంలోనే ఉన్నా, ఆ ఒక్కచోట నిష్పత్తి మార్చడం అంత తేలిక కాదు.